రాయబారి మైకు

పొద్దున పదింటికి, మంగలి కుర్చీలో, ముఖాన సబ్బు నురగతోనే సర్వే గుమాస్తా చచ్చిపోయాడు. సైలెన్సర్ పిస్టల్. ఒకే బుల్లెట్. అమెరికాను మీరు నమ్ముతారా అని ఇంటింటికీ తిరిగి అడగడం పైకి అతని ఉద్యోగం. ఆ మిషతో విదేశీ ముఠా ఆచూకీ తీయడం అసలు పని.

ఈ కేసు చూస్తున్న ఏజెంట్‌కి అతను స్వయానా చెల్లెలి మొగుడు. ఆమెకు కబురు చెప్పే వ్యవధి కూడా చీఫ్ ఇవ్వలేదు. పన్నెండింటికి రేవులో అమెరికా రాయబారి సభ. అతన్ని వేదిక మీదే లేపేసి, నేరం రేవు కూలీల నెత్తిన రుద్దాలని ముఠా ప్లాన్. అమెరికా పేరు చెబితేనే కూలీలకు ఒళ్ళు మంట. లోకం ఇట్టే నమ్ముతుంది. వారంలో యుద్ధనౌకలు దిగుతాయి.

"కోపం ఇక్కడిదే," అన్నాడు చీఫ్. "బాంబు మాత్రం దిగుమతి సరుకు."

పదకొండున్నరకి ఏజెంట్ మైకు మెకానిక్ వేషంలో వేదిక చేరాడు. టెస్టర్‌లో కట్టర్ దాగుంది. ముందు వరసలో ఒక ముసలి కూలీని, సభకెందుకొచ్చావని మాటవరసకి అడిగాడు.

"వాళ్ళ పాలపొడి తాగి మా పిల్లలు పెరిగారు. వాళ్ళమ్మిన తుపాకులకే పోయారు. ఏం చెబుతాడో విందామని."

మూల మూలా వెతికినా ఏమీ దొరకలేదు. రాయబారి మెట్లెక్కుతున్నాడు. వెనకే అతని దుభాషి, నల్ల కళ్ళద్దాల అందగత్తె, ఇటు చీఫ్ దగ్గరా అటు ముఠా దగ్గరా జీతం తీసుకునే డబుల్ ఏజెంట్. మైకు సరిచేస్తున్నట్టు వంగింది.

"బాంబు ఈ స్టాండు దిమ్మలో ఉంది. రెండు నిమిషాలే."

"ఎందుకు చెబుతున్నావు?"

"రాయబారి పోతే నాకు ఏడుపు రాదు. మా ఊరిని కూల్చిన విమానాలు వాళ్ళవే. కానీ ముందు వరస ఖాళీగా ఉంటుందని ముఠావాళ్ళన్నారు. అక్కడున్న ఆ ముసలి కూలీ మా మేనమామ." ఆమె గొంతు తగ్గింది. "సర్వే గుమాస్తాని పట్టించింది కూడా నేనే."

ఆమె పీక ఏజెంట్ చేతికి అందేంత దూరంలోనే ఉంది. పళ్ళు బిగించి దిమ్మ మూత ఊడదీశాడు. లోపల తీగలన్నీ ఒకే రంగు. ఏది బాంబుదో, ఏది మైకుదో తేల్చుకునే వేళ కాదు. అన్నిటినీ కలిపి పట్టుకుని కత్తిరించాడు. బాంబు గడియారం ముల్లు ఆగింది. ఇంకా మూడు సెకన్లున్నాయి.

దుభాషి పారిపోలేదు. చేతులు ముందుకు చాపి నిలబడింది. సంకెళ్ళు వేస్తుంటే ఏజెంట్ ఆమె మొహం చూడలేదు. ఇక చెల్లెలింటికి వెళ్ళాలి.

వెనక రాయబారి చచ్చిన మైకులో అరగంట మాట్లాడాడు. ఒక్క ముక్కా వినపడలేదు. అమెరికా ప్రసంగానికి ఆ రేవులో చప్పట్లు పడటం అదే మొదటిసారి.