తలకిందుల బ్రష్షులు

"నా బ్రష్షులను ఉరి తీసింది ఎవరు?"

నేరేడ్‌మెట్‌లోని ఆ రెండంతస్తుల ఇంటి డాబా మీద, పై వాటాలో ఉండే రజిత గొంతు ఖంగుమంది. బట్టలారేసే తీగకు పన్నెండు మేకప్ బ్రష్షులు క్లిప్పులతో తలకిందులుగా వేలాడుతున్నాయి. పిట్టగోడ మీద స్పాంజీలు మాత్రం పెట్టినచోటే ఉన్నాయి.

నీళ్ల ట్యాంకు వెనక నుంచి ఒక యువకుడు లేచాడు. చెవి మీద పెన్సిలు, వేళ్లకు ఎర్ర రంగు. నెల కిందట కింది వాటాలో దిగిన వేణుమాధవ్. దుకాణాలకు బోర్డులు రాస్తాడు.

"నేనేనండీ."

"ఆ చేతులతోనా? రేపు అవి పెండ్లికూతురు ముఖానికి తగిలేవి!"

"కడుక్కొనే ముట్టుకున్న. రంగు తర్వాత అంటింది."

"అయినా మీకెందుకండీ? రెండు రూపాయల షాంపూ పొట్లంతో బ్రష్షులు, గిన్నెల సబ్బుతో స్పాంజీలు పొద్దున్నుంచి కడిగిన. పాత ప్లాస్టిక్ జల్లెడ మీద రుద్ది రుద్ది వేళ్లు చూడుండ్రి, ఎట్ల ముడతలు పడ్డయో."

వేణుమాధవ్ బుద్ధిగా చూశాడు. కొంచెం ఎక్కువసేపే చూశాడు.

"వేళ్లు చాలు. జవాబు చెప్పుండ్రి."

"కడుగుడు మంచిగనే కడిగిన్రు. ఆరబెట్టుడే తప్పు. కుచ్చు పైకి పెట్టి గ్లాసుల నిలబెట్టిన్రు. నీళ్లు కిందికి దిగి లోపలి జిగురును నానబెడతయి. ఇగ వెంట్రుకలు రాలుతయి."

రజిత కోపం అక్కడే ఆగిపోయింది. రెండు నెలల కిందటి పెళ్లి వీడియోలో, పెళ్లికూతురు చెంప మీద ఒక నల్లటి వెంట్రుక. ఆ తర్వాత ఆర్డరే రాలేదు. రేపు సైనిక్‌పురిలో పెళ్లి. అక్కడా వెంట్రుక రాలితే సొంత పని మానేసి, మళ్లీ వేరేవాళ్ల పార్లర్‌లో కనుబొమలు దిద్దడానికి పోవాలి.

"ఇదంతా ఎవరు చెప్పిన్రు మీకు?"

"మా నాయిన. బోర్డులు రాసేటోడు. బ్రష్ నిలబెడితే నన్నే తలకిందులు చేస్తననేటోడు."

"ఇప్పుడు అనరా?"

"పోయిన వానకాలం దాక అన్నడు."

రజిత ఒక క్లిప్పు వదులుగా ఉంటే సరిచేసింది.

సరిగ్గా అప్పుడే వాన దూకింది. రజిత స్పాంజీల వైపు పరుగెత్తింది. వేణుమాధవ్ ట్యాంకు వెనక నుంచి తను రాస్తున్న రేకు బోర్డు తెచ్చి బ్రష్షులకు గొడుగులా పట్టాడు.

"బోర్డు పాడైతదండీ! రంగు ఆరలేదు!"

"మళ్లీ రాసుకుంట. బ్రష్షులు రేపటికే కావాలె. జెర జల్దీ!"

అన్నీ తీసుకుని మెట్ల గదిలోకి చేరేసరికి ఇద్దరూ తడిసిపోయారు. బ్రష్షులు మాత్రం మళ్లీ తడవలేదు. వేణుమాధవ్ ఒక స్పాంజీని బట్టలు పిండినట్టు మెలితిప్పబోయాడు.

"ఆగుండ్రి! చిరుగుతది. టవల్‌ల పెట్టి నొక్కాలె, గిట్ల."

"నొక్కుడు మీరు చెప్పుండ్రి, వేలాడదీసుడు నేను చెప్త."

రజిత నవ్వు ఆపుకోవడానికి టవల్‌ను ఇంకా గట్టిగా నొక్కింది. బోర్డు మీద ఏముందో చూడబోతే, అతను గోడకు తిప్పి పెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం మేకప్ పెట్టె దించకుండానే ఆమె డాబా ఎక్కింది.

"ఒక్క వెంట్రుక రాలలేదు! పెండ్లికూతురు చెల్లె గూడ తన పెండ్లికి నన్నే పిలిచింది!"

వేణుమాధవ్ పక్కకు జరిగాడు. వెనక, మళ్లీ రాసిన బోర్డు. 'రజిత బ్రైడల్ మేకప్'. పక్కన తలకిందులుగా ఒక బ్రష్ బొమ్మ. కింద ఫోన్ నంబరు.

రజిత బోర్డును కింది దాకా చదివింది. "నంబరు నాది కాదు."

"మీది నా దగ్గర లేదు కదండీ. నాదే రాసిన."

"అంటే ఎవరు ఫోన్ చేసినా మీకే వస్తది. ప్రతిసారి పైకొచ్చి నాకు చెప్పాలె. తక్లీఫ్ కాదా?"

"అందుకే రాసిన."

చెప్పేశాక అతనికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పట్టుకున్న బ్రష్‌ను కంగారులో గ్లాసులో కుచ్చు పైకి నిలబెట్టాడు.

రజిత దాన్ని తీసి తీగకు తలకిందులుగా తగిలించింది.

"నంబరు అట్లనే ఉండనీయుండ్రి," అంది.