మబ్బు పూట వేసిన మేత

"మనవాడొకణ్ని చంపేశారు సామ్యేలూ. పోయే ముందు మూడే ముక్కలు చెప్పాడు. లేజర్, రాజమండ్రి, ఎనిమిదిన్నర ఫ్లైటు."

ఫోన్‌లో ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంటు చీఫ్ ఉదయభాస్కర్ గొంతు. టైము ఎనిమిది. రొయ్యల మేత ఏజెంటు వేషంలో సామ్యేలు చెరువు గట్టు మీదున్నాడు.

"అందులో మన రాకెట్ల శాస్త్రవేత్త ఉన్నాడు. దిగేటప్పుడు పైలట్ కళ్లలో లేజర్ కొడితే డెబ్భై మందీ గోదాట్లోనే. ఫ్లైటుతో రేడియో అందట్లేదు. పోలీసులొచ్చేసరికి అరగంట."

సామ్యేలు ఫోన్ జేబులోకి తోశాడు. అదే ఫ్లైట్లో అతని భార్య ఆశాజ్యోతి వస్తోంది. మొగుడు నిజంగానే మేత అమ్ముకుంటాడని నమ్మే ఇల్లాలు.

గట్టు చివర రేకుల షెడ్డులో లైడార్ ఉంది. పచ్చటి లేజర్‌ని పైకి వదిలి, ఎక్కడో ఆకాశం అంచున పూతరేకుల్లా పరుచుకునే మంచు మబ్బుల్ని కొలిచే యంత్రం. అవి వానాకాలం ఎంత పైకెక్కుతాయో, చలికాలం ఎంత దిగుతాయో మూడేళ్లుగా చూస్తున్నారు. చూసేది హారతి. పైకి సైంటిస్టు, లోపల డిపార్ట్‌మెంటు మనిషి. ఆవిడ గట్టు మీద నడిస్తే రొయ్యలు కూడా తలెత్తి చూస్తాయని ఊళ్లో చెప్పుకుంటారు.

"పైన ఏముంది?" షెడ్డు గుమ్మంలో నిలబడి కోడ్ అడిగాడు సామ్యేలు.

"పూతరేకు," నవ్వింది హారతి. "కంగారేంటండీ? కింద ఇంత మబ్బు పడితే పై మబ్బు అందదు కదా. ఇవాళ లేజర్ వెయ్యం. కాఫీ తాగుతారా?"

ప్రాణం లేచొచ్చింది. వెనక్కి తిరిగాడు.

పక్క చెరువులో కౌలుదారు బుల్లియ్య దోసిళ్లతో మేత చల్లుతున్నాడు.

"ఏరేటర్లు తిప్పలేదేంటండీ?"

"తిప్పుతానండి. ముందు కడుపు నిండాలి కదండీ పాపం!"

సామ్యేలు కాళ్లు ఆగిపోయాయి. మబ్బు పడితే నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. ఆ పూట మేత ఆపి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పాలని ఈ లంకల్లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. వీడు రైతు కాడు. ఈ చెరువు వీడికి ఇప్పించింది ఎవరు? హారతి!

షెడ్డులోంచి లేజర్ కూలర్ రొద మొదలైంది.

మేత బస్తా భుజానికెత్తుకుని పరిగెత్తాడు. అడ్డొచ్చిన బుల్లియ్య బస్తా దెబ్బకి తన రొయ్యల మధ్యకే వెళ్లాడు. షెడ్డు తలుపు గడియ పడి ఉంది. కిటికీలోంచి చూస్తే, నిటారుగా ఉండాల్సిన గొట్టం ఎయిర్‌పోర్టు వైపు వాలి ఉంది.

"ఆరు నెలలు నీ చేతి కాఫీ తాగాను కదమ్మా!"

"కాఫీ మీకు, కబుర్లు వాళ్లకి. ఏమనుకోకండి."

డిపార్ట్‌మెంటు ఇచ్చిన పెన్ను పిస్టల్ నొక్కాడు. సిరా కారింది.

పైన విమానం రొద. గోడవార నిచ్చెన రెండంగల్లో ఎక్కి, లేజర్ బయటికొచ్చే కప్పు కంతకి బస్తా అడ్డం పెట్టాడు. పచ్చటి వెలుగు బస్తాని పొడిచింది. మాడిన మేత కంపు. హారతి గొట్టం అటు తిప్పితే తనూ అటు గెంతాడు, ఇటు తిప్పితే ఇటు. చేతులు బొబ్బలెక్కాయి. నెత్తి మీంచి విమానం క్షేమంగా సాగిపోయింది. గట్టు మీదకి పోలీసు జీపులు దిగాయి. ఆవిడ కాఫీ మాత్రం సామ్యేలు నాలిక మీద ఇంకా చేదుగానే ఉంది.

ఎయిర్‌పోర్టులో ఆశాజ్యోతి మొహం ముడుచుకుని ఎదురొచ్చింది.

"లేటేంటండీ? మేమిలా దిగుతుంటే, అక్కడెవడో రేకుల మీద బస్తా పట్టుకుని గెంతుతున్నాడు. పొద్దున్నే తాగేస్తారా మీ ఊళ్లో?"

సామ్యేలు బొబ్బల చేతులు జేబుల్లోకి తోసేశాడు.

"మబ్బు పూట కదా, కొందరికి ఆగదు."