నూట పన్నెండు ఉదయాలు

"చేతులెత్తు," అంది నోరీన్.

వెండెల్ రెండు చేతులూ పైకెత్తాడు. పై అరలో డబ్బా ఏదో అందుకునేవాడిలా మునివేళ్ళ మీద లేచాడు. తర్వాత బూటు తాడు కట్టుకునేవాడిలా వంగాడు. నోరీన్ కళ్ళజోడు సర్దుకొని ఆయన చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. వదులు గళ్ళచొక్కా కింద, కుడి నడుం మీద, తుపాకీ ఉన్న ఆనవాలు ఎక్కడా లేదు.

"అదేమీ తేలడం లేదు. పొట్ట మాత్రం తేలుతోంది."

"పొట్టకి లైసెన్సు అక్కర్లేదులే," అన్నాడు వెండెల్.

ఆ ఇంట్లో ముప్పై ఆరేళ్ళుగా రోజూ జరిగే తంతు ఇది. వాళ్ళ పెళ్ళయి నలభై ఏడేళ్ళు. పెళ్ళయిన పదకొండేళ్ళకి నా నెత్తి మీదికి సవతిని తెచ్చాడు, నన్ను వదిలి ఊరెళ్ళినా దాన్ని వదిలి వీధి దాటడు అని నోరీన్ ఆ తుపాకీ గురించి చర్చిలో ఆడవాళ్ళతో చెప్పి నవ్విస్తుండేది. ఈ మధ్య ఆ మాట అనడం మానేసింది.

బయట హారన్ మోగింది. ప్రతి గురువారం పొరుగింటి లాయిడ్ వచ్చి వెండెల్‌ని హోటల్‌కి తీసుకెళ్తాడు. అక్కడ నలుగురు ముసలివాళ్ళు బిస్కెట్లనే మెత్తటి ఉప్పు రొట్టెల మీద చిక్కటి గ్రేవీ పోయించుకొని, టెనెసీ కొండల్లో ఈసారి మంచు ఎందుకు తగ్గిందో రెండు గంటలు తేల్చుకుంటారు. వెండెల్ టోపీ పెట్టుకొని వెళ్ళాడు. కారు మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గరే నిలబడి, నోరీన్ గోడ మీది క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో పెన్సిలుతో చిన్న గీత గీసింది. అది నూట పన్నెండో గీత.

తుపాకీ విషయంలో వెండెల్ ఆ ఊరికి గురువు. దాన్ని దాచుకొని తిరగడానికి అనుమతి కావలసినవాళ్ళు శనివారాలు ఫైర్ స్టేషన్ హాల్లో ఆయన దగ్గరే పాఠం నేర్చుకునేవారు. పోయిన వేసవి దాకా ఆ తరగతులు జరిగాయి. ఆయన పాఠంలో వీరత్వం మచ్చుకైనా ఉండేది కాదు. "మందపాటి బెల్టు కొనండి, లేకపోతే ప్యాంటుతో పాటు పరువూ జారుతుంది. ఉందా లేదా అని మాటిమాటికీ తడుముకోకండి, దొంగకి మీరే చూపించినట్టవుతుంది. ఇది కట్టుకున్న రోజు నుంచి ఏ తగువులోనూ గెలవాలని చూడకండి. ఎవడెంత తిట్టినా తప్పు నాదే బాబూ అని కారెక్కండి. బయట మరుగుదొడ్డికి వెళ్తే ఒరలోంచి తియ్యకండి. కాగితపు పెట్టె మీద పెట్టారంటే మరిచిపోయారన్నమాటే," అని చెప్పేవాడు. ఇంతా చెప్పి చివర గొంతు తగ్గించేవాడు. "రోజూ పొద్దున్న ఒంటికి తగిలించుకునే ముందు పైభాగం వేలెడు వెనక్కి లాగి, లోపల ఏముందో కళ్ళారా చూడండి. నిన్న చూశాను కదా అనేవాణ్ణి నేను పాస్ చెయ్యను."

అన్న ప్రకారమే చేసేవాడు. బ్యాంకు మేనేజరుని ఫెయిల్ చేసి, ఇంటికెళ్ళి కుక్కని పెంచుకోమన్నాడు. సొంత బావమరిదిని రెండుసార్లు ఫెయిల్ చేశాడు.

అలాంటి మనిషి నడుం మీది తుపాకీలో అక్టోబరు తొమ్మిది నుంచి ఉన్నవి అసలు తూటాలు కావు. తరగతిలో నేర్చుకునేవాళ్ళకి చూపించే ఎర్ర ప్లాస్టిక్ తూటాలు. పెట్టింది నోరీన్. అసలువి తీసి కుట్టుమిషను సొరుగులో గుడ్డపేలికల కింద దాచింది. వేలెడు వెనక్కి లాగితే చాలు, ఎర్రగా కనిపిస్తాయి. కనిపించాలనే పెట్టింది కూడా. పొద్దున్నే ఆయన పడకగదిలో బెల్టు బిగించుకుంటున్నంతసేపూ పొయ్యి దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడేది. ఇప్పుడు అరుస్తాడు, ఇప్పుడు వచ్చి నా మీద పడతాడు అనుకునేది. ఆయన నవ్వుకుంటూ వచ్చి చేతులెత్తేవాడు.

పదిన్నరకి వెండెల్ తిరిగి వచ్చి ముందుగదిలో కుర్చీలో కునుకు తీస్తున్నాడు. అప్పుడే కూతురు షానా వెనక తలుపు తోసుకొని వంటింట్లోకి వచ్చింది. ఆమె బడి బస్సు నడుపుతుంది. పొద్దుటి ట్రిప్పు అయి, మధ్యాహ్నం ట్రిప్పుకి ఇంకా టైముంది. చేతిలో తన టిఫిన్ డబ్బా ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి మూత తీసింది. లోపల అప్రన్ గుడ్డలో చుట్టి వెండెల్ తుపాకీ ఉంది.

నోరీన్ పొయ్యి కట్టేసి వచ్చింది.

"హోటల్లో వంట చేసే డారెల్ బస్సు షెడ్డుకి పరిగెత్తుకొచ్చాడు," అంది షానా పళ్ళు బిగబట్టి. "మగాళ్ళ మరుగుదొడ్డిలో కాగితపు పెట్టె మీద ఉందట. వాడూ నాన్న శిష్యుడే కాబట్టి సరిపోయింది. ముట్టుకోగానే ఖాళీ చేద్దామని లాగితే ఇవి పడ్డాయట." జేబులోంచి రెండు ఎర్ర తూటాలు తీసి బల్ల మీద పడేసింది. "అమ్మా, నాకొక్కటే అర్థం కావట్లేదు. మరిచిపోయి వచ్చాడు, సరే. ఇవేంటి?"

నోరీన్ కుర్చీ లాక్కొని కూర్చుంది. "నేనే పెట్టాను."

"నువ్వా? నీకు మతి పోయిందా? రేపు ఎవడో మీదికొస్తే నాన్న ఇది తీస్తాడు, ఇది పేలదు, వాడిది పేలుతుంది! చూపించి పేల్చలేకపోవడం కంటే లేకపోవడమే మేలని ఆయనే కదా నెత్తీ నోరూ కొట్టుకొని చెప్పేది?"

"తెలుసు. మూడు రాత్రులు ఆలోచించే పెట్టాను. బయటివాడు ఎప్పుడొస్తాడో తెలియదు. ఇంట్లోవాడు రోజూ ఇంట్లోనే ఉంటాడు."

"ఏమంటున్నావమ్మా?"

నోరీన్ ముందుగది వైపు చూసి గొంతు తగ్గించింది. "నువ్వు కొనిచ్చిన నీలం కోటు ఉంది చూడు, అది మొదటిసారి వేసుకొని బజారుకెళ్ళాను. మధ్యాహ్నం, మంచి ఎండ. సంచులు పట్టుకొని ఈ తలుపు తీసేసరికి మీ నాన్న అదిగో, ఫ్రిజ్ పక్కన నిలబడి ఉన్నాడు. రెండు చేతులతో పట్టుకొని, తరగతిలో చూపించినట్టే, సరిగ్గా నా గుండెకి గురిపెట్టి. ఎవరు నువ్వు అన్నాడు. నోరీన్‌ని అన్నాను. నోరీన్ బజారుకెళ్ళింది, నువ్వెవరు అన్నాడు."

షానా ఫ్రిజ్ వైపు తిరిగి చూసింది.

"కోటు మెల్లిగా విప్పి కింద పడేశాను. అప్పుడు దించాడు. గుడ్లు తెచ్చావా అని అడిగాడు. అంతే, మళ్ళీ ఆ సంగతే లేదు."

"ఆ రోజే నాకు ఫోన్ చెయ్యాలి కదమ్మా! వచ్చి పట్టుకుపోయేదాన్ని!"

"అందుకే చెయ్యలేదు," అంది నోరీన్. ఆమె కళ్ళు నిండాయి. "మీ హోలిస్ బాబాయి పోయిన రోజు నీకు తొమ్మిదేళ్ళు. నీకేం గుర్తుంటుంది? పెట్రోలు బంకులోకి దొంగలొచ్చి గల్లా దగ్గర హోలిస్‌ని కాల్చేస్తుంటే మీ నాన్న కూల్‌డ్రింకుల ఫ్రిజ్ వెనక ఉత్త చేతులతో కూర్చున్నాడు. తమ్ముడి కేకలు వింటూ కూర్చున్నాడు. ఇది కట్టుకున్నాకే మళ్ళీ అన్నం తిన్నాడు, నిద్రపోయాడు. దీన్ని లాక్కుంటే ఆయన్ని తీసుకెళ్ళి మళ్ళీ ఆ ఫ్రిజ్ వెనక కూర్చోబెట్టినట్టే. నా చేతులతో ఆ పని ఎలా చెయ్యనే?"

"ఏంటి గోల?"

గుమ్మంలో వెండెల్ నిలబడి ఉన్నాడు. జుట్టు చెదిరి ఉంది. కూతురిని చూసి నవ్వాడు. తర్వాత బల్ల మీద చూశాడు. ఆయన కుడి చెయ్యి నడుం మీదికి వెళ్ళింది. ఒర ఖాళీగా తగిలింది. ఎర్రటి మొహం ఒక్కసారిగా పాలిపోయింది.

"ఎక్కడ?" అన్నాడు.

"హోటల్లో, నాన్నా. కాగితపు పెట్టె మీద."

ఆయన వచ్చి తుపాకీ చేతిలోకి తీసుకున్నాడు. ముందు గొట్టం మనుషుల్లేని గోడ వైపు తిప్పాడు. అడుగున ఉన్న మ్యాగజైన్ తీసి పక్కన పెట్టి, పైభాగం లాగి లోపల చూశాడు. ఒక్క వేలు కూడా తడబడలేదు. మ్యాగజైన్‌లో మిగిలినవన్నీ ఎర్రవే. ఒకటి తీసి వెలుతురులో పట్టుకున్నాడు.

"ఇవి తరగతివి. ఎవరు పెట్టారు?"

"నేను," అంది నోరీన్. "అక్టోబరులో."

"అక్టోబరులో!" వెండెల్ బల్ల మీద గుద్దాడు. చక్కెర గిన్నె దొర్లి పడింది. "నీకెన్ని గుండెలే! నన్ను ఉత్త చేతులతో బజారులో నిలబెట్టావా? నీకు తెలిసి కూడా! హోలిస్ సంగతి ఈ లోకంలో ఎవరికి తెలియకపోయినా నీకు తెలుసు కదే!"

"తెలుసు."

"తెలిసీ రోజూ నా చుట్టూ తిరిగి కనపడటం లేదు పో అన్నావా? నవ్వుకున్నావా నన్ను చూసి?"

"నవ్వుకున్నానా?" నోరీన్ లేచి నిలబడింది. ఆమె ఆ ఇంట్లో గొంతెత్తి మాట్లాడి ఎన్నేళ్ళయిందో! "అవి ఎర్రగా ఎందుకున్నాయి వెండెల్? నువ్వు చూస్తావని! ఒక్కసారి లాగితే చాలు, కనిపిస్తాయి. ఈ రోజు చూస్తాడు, ఈ రోజు వచ్చి నన్ను తిడతాడు అని రోజూ పొయ్యి దగ్గర నిలబడి దేవుణ్ణి వేడుకున్నాను. నువ్వు తిడితే చాలు, అసలువి తెచ్చి నీ చేతిలో పెట్టి కాళ్ళ మీద పడదామనుకున్నాను. ఇప్పుడు తిడుతున్నావు. ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావు?"

వెండెల్ చేతిలోని ఎర్ర తూటాని చూస్తూ మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు. దొర్లిన చక్కెర బల్ల అంచు మీంచి నేలకి రాలుతోంది. ఎవరూ దాన్ని ఆపలేదు.

"ఎన్ని రోజులు?" అన్నాడు.

"నూట పన్నెండు."

"నూట పన్నెండు పొద్దులు," అని ఆయన తనలో తాను అనుకున్నాడు. తల ఎత్తేసరికి గొంతు మారింది. అది శనివారం గొంతు. "షానా, నువ్వు నా తరగతిలో కూర్చున్నావు కదా. నూట పన్నెండు రోజులు చూసుకోకుండా కట్టుకొని తిరిగినవాడు ఒకడున్నాడు. దాన్ని తీసుకెళ్ళి మరుగుదొడ్డిలో వదిలేశాడు. వదిలేశానని కూడా తెలియకుండా ఇంటికొచ్చి పడుకున్నాడు. వాణ్ణి నేనేం చేస్తాను?"

"నాన్నా, వద్దు."

"అడిగిందానికి చెప్పవే."

"ఫెయిల్ చేస్తావు," అంది షానా.

"చేసి?"

"ఇంటికెళ్ళి కుక్కని పెంచుకోమంటావు."

"అదీ," అన్నాడు వెండెల్. తుపాకీని తెరిచి ఉంచి, పిడి కూతురి వైపు తిప్పి బల్ల మీద జరిపాడు. బెల్టు విప్పి, ఒర తీసి దాని పక్కన పెట్టాడు. అరవై దాటిన రోజు కూడా ముసలివాడిలా కనిపించని మనిషి, ప్యాంటు జారకుండా ఒక చేత్తో పట్టుకొని నిలబడ్డాడు. షానా లేచి తండ్రిని వాటేసుకొని బావురుమంది. ఆయన ఆమె వీపు నిమురుతూ, భార్య వైపు చూసి, "ఎవరికైనా గుచ్చుకుంటుందని ఇన్నేళ్ళూ పక్కకి తిరిగి వాటేసుకున్నాను," అన్నాడు.

తుపాకీ, ఒర, బెల్టు పట్టుకొని వెళ్ళేటప్పుడు షానా తల్లిని వాకిట్లోకి పిలిచింది. "రేపు అడిగితే రిపేరుకిచ్చామని చెప్పమ్మా. ప్రతిసారీ నిజం చెప్తే ఆయనా తట్టుకోలేడు, నువ్వూ తట్టుకోలేవు."

"అలాగే," అంది నోరీన్. అప్పుడు నిజంగానే అలా చెప్పాలనుకుంది.

శుక్రవారం పొద్దున్న వెండెల్ ప్యాంటు పట్టుకొని వంటింట్లోకి వచ్చాడు. "నా బెల్టు ఏది? నా తుపాకీ ఏది?" అన్నాడు. నిన్నటిది ఒక్క ముక్క కూడా ఆయన మొహంలో లేదు. రిపేరు అనే మాట నోరీన్ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నలభై ఏడేళ్ళు తన మొహం చూసి నిజమేదో చెప్పగలిగిన మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆయన్ని కూర్చోబెట్టి, కాఫీ పోసి, నీలం కోటు సంగతి ఒక్కటి తప్ప, మొదటి నుంచీ చెప్పింది. ఆయన మళ్ళీ పాలిపోయాడు, మళ్ళీ బల్ల గుద్దాడు. మళ్ళీ ఎన్ని రోజులని అడిగాడు. చెప్పాక కిటికీలోంచి చూసి, "వాణ్ణి నేను పాస్ చెయ్యను," అన్నాడు.

శనివారం కూడా అంతే జరిగింది. ఆదివారం చర్చికి ఆలస్యమైంది. ఎన్ని మరిచిపోయినా తీర్పు మాత్రం మారలేదు. ఒక్క రోజైనా తనని తాను వెనకేసుకొస్తాడేమో, నాకేం కాలేదు ఇచ్చెయ్యమని పోట్లాడతాడేమో అని నోరీన్ భయపడింది. ఆయన ఏ రోజూ అలా చెయ్యలేదు. ప్రతి పొద్దున్నా మొదటిసారి విన్నట్టే విని, ప్రతి పొద్దున్నా తనని తాను ఫెయిల్ చేసుకున్నాడు. ఆమె పక్కన కూర్చొని ఆయన చెయ్యి పట్టుకునేది.

సోమవారం మాత్రం కాఫీ కప్పు పక్కకి జరిపి, ఆయన ఆమెనే చూస్తూ ఉండిపోయాడు.

"ఊరికే నువ్వు ఆ పని చెయ్యవు నోరీన్. ఏదో చూసి ఉంటావు," అన్నాడు. "నిజం చెప్పు. నేనెప్పుడైనా దాన్ని నీ మీదికి ఎత్తానా?"

నోరీన్ ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది.

"లేదు," అంది. "ఎప్పుడూ లేదు."