ఎండు పెర్సిమన్ పొగ

సోల్‌బీ సీసాను కౌంటర్ మీద పెట్టలేదు, కొట్టింది. ఆ దెబ్బకు అద్దాల బీరువాలోని నూట నలభై సీసాలూ ఒక్కసారి తలలూపాయి.

“ఏవండీ ఓనరు గారూ! దీని మీద పీచ్ అని రాశారు. పీలిస్తే తడిసిన అట్టపెట్టె వాసనొస్తోంది. ఏది నిజం?”

డ్రాపర్లు కడుగుతున్న గ్యూహో తలెత్తాడు. ఈ-సిగరెట్ లిక్విడ్ సొంతంగా కలిపి అమ్మే కొట్టు సాంగ్జు ఊరికంతటికీ అదొక్కటే. కుర్రవాడికి ముప్ఫై ఒకటి. హస్తవాసి మంచిదని పేరు, ఆ పేరంటే కాస్త మోజూ.

“ఊరంతా దీన్నే పీలుస్తోంది మేడమ్. తేడా సీసాలో కాదు, ముక్కులో ఉందేమో చూసుకోండి.”

ముక్కునంటే ఊరుకొనే పిల్ల కాదు సోల్‌బీ. తొమ్మిదేళ్ళప్పుడు కొండకు అవతల ఎవరింట్లోనో అన్నం మాడుతుంటే, ఇక్కడ తమ ఇంట్లో స్టౌ కట్టేసిందట. నమ్మకపోతే మానెయ్యండి. ఆ మాడిన అన్నం తిన్నవాళ్ళు మాత్రం నమ్ముతారు.

“ఎసెన్స్ నూటికి ఎనిమిది పాళ్ళు చాలు. మీరు ఇరవై పోశారు. ఎక్కువ పోస్తే రుచి పెరగదు సార్, మూగబోతుంది. పెళ్ళిలో అందరూ ఒకేసారి అరిస్తే ఎవరి మాట వినబడుతుంది?”

“అంత తెలిస్తే మీరే ఒకటి కలపండి.”

“కలుపుతా. ఎండు పెర్సిమన్.”

పెర్సిమన్ అంటే టమాటాలా ఉండే నారింజరంగు తీపి పండు; దాన్ని ఎండబెట్టడంలో సాంగ్జుదే పేరు. గ్యూహో పకపకా నవ్వాడు. “అది ఎవరివల్లా కాలేదు. రెండేళ్ళు తంటాలు పడ్డాను. ఒకసారి ఉడికిన చిలగడదుంప వచ్చింది, ఇంకోసారి దగ్గుమందు.”

“మీవల్ల కాలేదనండి. మధ్యలో ఊరినెందుకు లాగుతారు?”

చలికాలానికి ముందు ఇంటింటి ఆడవాళ్ళూ చేరి క్యాబేజీ పచ్చడి కలుపుకొనే పనిని వాళ్ళ దేశంలో కిమ్‌జాంగ్ అంటారు. లిక్విడ్ కలుపుకొనేవాళ్ళు కూడా తమ పనికి అదే పేరు పెట్టుకున్నారు. ఏటా నవంబరు మొదటి ఆదివారం గ్యూహో కొట్టులో పెద్ద కిమ్‌జాంగ్. బల్ల చుట్టూ పదకొండు కుర్చీలు; కూర్చున్నవాళ్ళు తలా ఒక సీసా పెడితే అందరూ పీల్చి తీర్పు చెబుతారు. కొత్తవాళ్ళు మొదటి ఏడాదంతా నిలబడి సీసాలు కడగాలి. సొంత సీసా బల్ల మీద పెట్టకూడదు. ఈ రూలు పెట్టింది రిటైరైన బస్సు డ్రైవరు ప్యో తాత.

“నాకు ఆ బల్ల దగ్గర కుర్చీ కావాలి, ఈ ఏడాదే. నా సీసా ఓడిపోతే వసంతం దాకా మీ సీసాలు కడుగుతా,” అంది సోల్‌బీ.

“సబ్బు నాది. బకెట్టు మీరే తెచ్చుకోండి,” అన్నాడు గ్యూహో.

మర్నాటి నుంచి వాన. గొడుగు కంటే ముందు సోల్‌బీ ముక్కు లోపలికి వచ్చేది, తర్వాత మనిషి. త్రాసు గ్యూహో చూసేవాడు, చుక్కలు సోల్‌బీ వేసేది. ఆప్రికాట్ నాలుగు పాళ్ళు, బ్రౌన్ షుగర్ ఒకటిన్నర, దాల్చినచెక్క సూదిమొనంత. నికోటిన్ చుక్క కూడా లేదు.

“ఇంకాస్త పోయండి, పిసినారిలా ఏంటది!”

“రెండు వారాలు చీకట్లో ఊరాలి. అప్పటిదాకా దీని జోలికి రాకండి. మా నాన్న పెర్సిమన్లను యాభై రోజులు తాడుకు వేలాడదీస్తాడు. తొందరపెడితే అవి వగరు మొహం పెడతాయి.”

“మీలాగానా?”

సోల్‌బీ డ్రాపరుతో అతని ముక్కు మీద చుక్క వేసింది. సాయంత్రం దాకా తుడుచుకోలేదు మహానుభావుడు.

నాలుగో రోజున సీసా మూత తీసి ఒక్క దమ్ము పీల్చిందో లేదో, సోల్‌బీ కళ్ళు ఎర్రబడ్డాయి. “ఇందులో ఎవరు చెయ్యి పెట్టారు? సబ్బు కంపు కొడుతోంది!”

“కొంచెం చప్పగా ఉందని... ఆప్రికాట్ పది చుక్కలు...”

ఆమె అతన్ని అనుమానంగా చూసింది. లోపలికెళ్ళి ఇంకో సీసా తెచ్చి ఇచ్చింది. “ఇది పీల్చి చెప్పండి.”

అతను కళ్ళు మూసుకుని పెద్ద పండితుడిలా పీల్చాడు. “ఆ, ఇది నయం. పెర్సిమన్ తగులుతోంది. కాస్త తేలిక.”

“అందులో రుచీ వాసనా లేని ఉత్త గ్లిజరిన్ తప్ప ఏమీ లేదు.”

గ్యూహో స్టూలు మీద కూలబడ్డాడు. “జూన్‌లో జ్వరం వచ్చింది. అప్పట్నుంచి రుచీ లేదు, వాసనా లేదు. తెలియక పోస్తూ పోయాను. ఈ సంగతి బయటపడితే కొట్టు మూసుకోవాల్సిందే. నాలిక లేనివాడి దగ్గర ఎవరు కొంటారు?”

“నేను చెప్పను. నీ కొట్టు మూయించి గెలవడం నాకక్కర్లేదు. నా సీసాతో గెలుస్తా. లే, త్రాసు పట్టుకో.” కోపంలో ‘మీరు’ ఎటు పోయిందో ఇద్దరూ చూసుకోలేదు.

మళ్ళీ మొదటి నుంచి కలిపారు, ప్రతిదీ సగమే. సీసాను అలమరలో పెట్టి తాళంచెవి సోల్‌బీ మెడలో వేసుకుంది. ఆ రెండు వారాలూ కొట్టులోని పాత సీసాలన్నీ ఒక్కొక్కటే పీల్చి అతనికి చెప్పేది.

“ఈ ద్రాక్ష ఎలా ఉంది?”

“ఆగస్టులో తారురోడ్డు మీద వాన పడ్డట్టు. ముందు వేడి, తర్వాత తీపి.”

“చాలు, తెలిసింది,” అనేవాడు. నాలికతో తెలిసిందో, ఆమె పెదవులు కదలడం చూస్తే తెలిసిందో ఆ దేవుడికే ఎరుక.

ఆదివారం వచ్చింది. పదకొండు కుర్చీలూ నిండాయి. సోల్‌బీ తన సీసాను బల్ల మీద పెట్టగానే ప్యో తాత చిటికెనవేలితో దాన్ని అంచుకి నెట్టాడు.

“రూలు తెలీదా అమ్మాయ్? సీసాలు కడిగే తొట్టి అటుంది.”

సోల్‌బీ మూలనున్న స్టూలును బరబరా ఈడ్చుకొచ్చి తాత పక్కనే వేసుకుని కూర్చుంది. “రూలు బస్సుకి ఉంటుంది తాతా, ముక్కుకి ఉండదు. పీల్చి చెప్పండి. బాగోలేదంటే తొట్టి దగ్గరికి నేనే పోతా.”

“అబ్బో! సరే, ఓనరు పీల్చి పూచీ పడితే చూద్దాం. ఏమయ్యా గ్యూహో?”

అందరూ గ్యూహో వైపు తిరిగారు. బాగుందంటే ఆమెకు కుర్చీ, తనకు కొట్టు. ఒక్క అబద్ధం చాలు. అతను సీసా అందుకుని, పీల్చకుండానే దింపేశాడు.

“నేను పూచీ పడలేను తాతా. జూన్ నుంచి నాకు రుచి తెలీదు. మీకు ఐదు నెలలుగా అమ్మిందంతా గుడ్డివాడి గురి. ఈ బల్ల దగ్గర నాలిక ఉన్నది ఈ అమ్మాయికే. కావాలంటే నా కుర్చీ తియ్యండి, ఈమెది కాదు.”

బల్ల దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తాత గొంతు సవరించుకున్నాడు.

“అది మాకు జూన్‌లోనే తెలుసు.”

“మరి చెప్పలేదేం?”

“ఎందుకు చెప్తాం? నువ్వు రెండింతల ఎసెన్స్ పోస్తుంటే, ఇంటికెళ్ళి సగానికి సగం గ్లిజరిన్ కలిపితే ఒక సీసా రెండయ్యేది!”

గ్యూహో మొహం ఎర్రగా పొంగింది. నవ్వులు వీధి చివర సెలూను దాకా వినిపించాయంటారు, అక్కడ ఒకతని మీసం సగం ఎగిరిపోయిందని కూడా అంటారు.

నవ్వు ఆగాక తాత పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. సాంగ్జు మనిషికి పెర్సిమన్ గురించి అబద్ధం చెప్పడం చేతకాదు.

“ఇది యాభై రోజులది కాదు. పైన తోలు కట్టింది, లోపల ఇంకా జారుతోంది. నలభయ్యోనాటిది.”

“ముప్ఫై ఐదోనాటిది,” అంది సోల్‌బీ.

తాత మూడోసారి పీల్చాడు. “...ముప్ఫై ఐదే. కూర్చో. కూర్చునే ఉన్నావుగా! సరే, మీ నాన్నకేం చెప్తావ్? పొగ కలిపే పిల్ల అంటే దల్సూ ఊరుకుంటాడా?”

“ఇప్పుడే వెళ్ళి చెప్తా.”

“నేనూ వస్తా,” అన్నాడు గ్యూహో.

“ఏ లెక్కన?”

“నువ్వు చెప్పందే నాకు దేని రుచీ తెలియని లెక్కన. నాలిక తిరిగొచ్చినా నీ నోటితోనే వినాలని ఉంది.”

“ఇంతమంది ముందు అడుగుతారా ఎవరైనా?” అంటూనే అతని చెయ్యి పట్టుకుని మిట్ట మధ్యాహ్నం బజారు గుండా నడిచింది.

దల్సూ షెడ్డులో బుట్టల కొద్దీ పళ్ళు కుప్పపోసి ఉన్నాయి. కత్తి ఆపకుండానే ఎగాదిగా చూశాడు. “ఎవడు వీడు?”

“నేను పెళ్ళిచేసుకోబోయేవాడు.”

“పొగ అమ్ముకొనేవాడికి పిల్లనివ్వను!”

“నువ్విచ్చేదేంటి నాన్నా, నేను వెళ్ళేదైతే? అతని కొట్టులో కలిపేది కూడా నేనే.”

“బయటికి నడవండి ఇద్దరూ!”

సోల్‌బీ బయటికి నడవలేదు. గోడకున్న రెండు కత్తులు తీసి ఒకటి గ్యూహోకిచ్చి, బుట్ట ముందుకు లాక్కుని చతికిలబడింది. “కూర్చో. రేపటికి నాలుగు వేల పళ్ళు తాడెక్కాలి. నవంబరులో పనిచేసే చేతుల్ని గెంటే రైతు ఈ ఊళ్ళో ఇంకా పుట్టలేదు.”

గ్యూహో కూర్చున్నాడు. దల్సూ గ్యూహో చేతుల వైపు ఓరగా చూస్తూ పది పళ్ళు వలిచాడు. పదకొండో పండుకి తట్టుకోలేకపోయాడు.

“తొక్క తియ్యమంటే పండు చెక్కుతావేంట్రా! కాడ దగ్గర ఆపు... ఆ, అలా. రేపు ఏడింటికల్లా రా, ఇంత మొద్దు చేతుల్తో ఒక్కరోజులో తేలే పని కాదిది.”