తడి చెయ్యి

ఆదివారం పొద్దున సాయి ప్రియ హనుమాన్ జంక్షన్ నుంచి పుట్టింటికి వచ్చేసరికి పెరట్లోని కర్రల షెడ్డు దగ్గర డ్రిల్లింగ్ మోత వినిపిస్తోంది. స్కూటీకి స్టాండు వేసి, హెల్మెట్ కూడా తియ్యకుండా అటు నడిచింది. ప్లంబర్ రమేష్ షెడ్డు గోడకు కన్నం పెడుతున్నాడు. పక్కనే పైపు ముక్కలు, కొత్త కుళాయి, సిమెంటు కలిపిన బొచ్చె ఉన్నాయి.

"ఏంటండీ ఇది? ఎవరు పెట్టమన్నారు?"

"అమ్మగారేనండి. లోపలికి కుళాయి, ఒక సింకు, నీళ్ళు బయటికి పోవడానికి పైపు. మధ్యాహ్నానికి అయిపోద్దండి."

కర్రల షెడ్డులో కుళాయి! ఆ మాట తండ్రి విని ఉంటే ఏమనేవాడో!

నూజివీడు చుట్టుపక్కల అందరికీ ఉన్నట్టే ఆమె తండ్రి బసవపున్నారావుకీ మామిడి తోట ఉండేది. ఆయన మనసు మాత్రం చెట్టు మీది కాయల్లో కాకుండా చెట్టు లోపలి చెక్కలో ఉండేది. వయసులో ఉండగా కాయల లారీతో విజయవాడ వెళ్ళినప్పుడు అక్కడి క్లబ్బులో పూల్ బల్ల చూశాడు, కర్రతో బంతుల్ని పొడిచి గుంటల్లో వేసే ఆట. ఎవరిదో ఆడే కర్ర విరిగితే ఇంటికి తెచ్చి అతికించి ఇచ్చాడు. ఆ పని అలా అంటుకుంది. చెక్కను గుండ్రంగా తిప్పి చెక్కే లేతు మిషను కొని, పెరట్లో షెడ్డు వేసి, పూల్ ఆడేవాళ్ళకి కొలిచి కర్రలు చేసివ్వడం మొదలుపెట్టాడు. వచ్చినవాణ్ణి ముందు గోడకు ఆనించి నిటారుగా నిలబెట్టేవాడు. మోచెయ్యి మడవమని, అది ఎంత ఎత్తులో ఉందో గోడ మీద చాక్‌తో గీత పెట్టేవాడు. గుంటూరు నుంచీ హైదరాబాదు నుంచీ కార్లు వచ్చేవి. ఊళ్ళో వాళ్ళు మాత్రం "గేదెల్ని తోలుకోవడానికి అంత నున్నటి కర్రలెందుకు పున్నారావూ?" అని ఆటపట్టించేవాళ్ళు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నిరుడు మామిడి పూత వేళ గుండె ఆగి పోయాడు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం సాయి ప్రియ వచ్చి కాసేపు ఆ షెడ్డులో కూర్చుంటోంది. లక్క వాసన, కిటికీ గూట్లో నీలం చాక్ ముక్కలు, మూలన గుడ్డ కప్పిన లేతు, అన్నీ అలాగే ఉన్నాయి. దూలానికి దారాలతో సగం చేసిన కర్రలు వేలాడుతున్నాయి. ఆయన ఒక పలచటి పొర తీసి నెలల తరబడి వేలాడదీసేవాడు. తర్వాత ఇంకో పొర తీసి మళ్ళీ వేలాడదీసేవాడు. "చెక్కకి కోపం ఉంటదమ్మా. తగ్గేదాకా ఆగాలి. తొందరపడితే ఆ కోపం ఆడేవాడి చేతిలో చూపిస్తది, వంగిపోద్ది" అనేవాడు. నున్నటి రాతిపలక మీద కర్రను దొర్లించి, "కింద వెలుగు కనపడుతోందా చూడు" అని కూతురికి చూపించేవాడు. కనపడలేదంటే కర్ర చక్కగా ఉన్నట్టు. ఆ పిల్ల నేల మీద బోర్లా పడుకుని, చెంప రాతికి ఆనించి, గొప్ప పరీక్ష దిద్దుతున్నట్టు చూసేది.

అక్కడ ఒకటే నియమం. తడి చెయ్యితో ఎవ్వరూ గడప దాటకూడదు. చెక్క తడిని పీల్చుకుంటుందని ఆయన భయం. తాగే నీళ్ళ చెంబు కూడా బయటే ఉండేది.

"ముందు ఆ హెల్మెట్ తియ్యవే. ఎవరో దొంగోడు పడ్డాడనుకుంటారు" అంటూ తల్లి నాగేంద్రమ్మ చిన్న రసాల మామిడిపళ్ళు పిసుకుతున్న బేసిన్‌తో వచ్చింది. వెనకే మంగమ్మ ఇంకో బుట్టతో వచ్చింది. ఆమె ఈ తోటలోనే చాలా ఏళ్ళుగా పని చేస్తోంది.

"ఏంటమ్మా ఈ కుళాయి?"

"తాండ్ర పెడదామని. నేనూ మంగమ్మా కలిసి. మీ జంక్షన్‌లో స్వీటు షాపతను రుచి చూసి, ఎంత పెడితే అంత పంపమన్నాడు. చాపలు ఎండకి డాబా మీద వేస్తాం. రసం తియ్యడానికీ, వడకట్టడానికీ, పొయ్యి పెట్టడానికీ చోటు కావాలిగా."

"వరండా ఉందిగా?"

"వరండాలో ఈగలు, కోళ్ళు, పక్కింటోళ్ళ కుక్క. షెడ్డుకి నాపరాళ్ళ నేల ఉంది, కిటికీలకి మెష్ తలుపులున్నాయి. దుమ్ము రాకుండా మీ నాన్న ఎంత శుభ్రంగా కట్టించుకున్నాడో చూడు."

"కర్రలకోసం కట్టించుకున్నాడమ్మా! ఇక్కడ నీళ్ళు పారి, ఆవిరి పడితే అవి ఒక్కటి మిగలదు."

"తెలుసు. లేతు మైలవరంలో వడ్రంగి ఎవరికో పనికొస్తదన్నాడు మీ అన్నయ్య. కర్రలు నువ్వు తీసుకెళ్ళు. చెప్తే వద్దంటావనే ముందు చెప్పలా."

సాయి ప్రియ గొంతు పెరిగింది. "వద్దనే అంటాను. నాన్న వస్తువు ఒక్కటైనా ఉండనివ్వవా? ఎప్పుడు ఖాళీ చేద్దామా అని చూస్తున్నావా ఇన్నాళ్ళూ? అసలు ఆయనంటే నీకు ప్రేమ ఉందా?"

డ్రిల్లింగ్ ఆగింది. "టీ తాగొస్తానండీ" అని రమేష్ ఎవరి మొహమూ చూడకుండా గేటు దాటాడు.

నాగేంద్రమ్మ బేసిన్ అరుగు మీద పెట్టింది. కాయలు పిసుకుతూ మధ్యలో లేచి వచ్చిందేమో, మోచేతుల దాకా రసం ఉంది.

"లోపల ఏ వస్తువు ఎక్కడుందో నాకు తెలీదే ప్రియా. నేను చూస్తేగా."

"అదేం మాటమ్మా?"

"ఎప్పుడొచ్చాను నేను లోపలికి? పొద్దున లేస్తే పాలు పిండటం, కడగటం, బియ్యం, గిన్నెలు, బట్టలు. నా చెయ్యి ఎప్పుడు ఆరింది?"

మంగమ్మ ఆగలేకపోయింది. "కాఫీ గ్లాసు ఆ కిటికీలో పెట్టి గాజులు చప్పుడు చేసేవారండీ అమ్మగారు. అయ్యగారు చెయ్యి చాపి తీసుకునేవారు. నేనెన్నిసార్లు చూడలా."

"నియమం నీకు కాదమ్మా" అంది సాయి ప్రియ, కాస్త తగ్గి. "తుడుచుకుని వస్తే నాన్న వద్దనేవాడా?"

"నీ వేలు తెగిన రోజు గుర్తుందా?"

సాయి ప్రియ చూపుడు వేలి మీద సన్నటి మచ్చ ఉంది. గుర్తు లేకేం? ఆమెకు అన్నిటికన్నా ఇష్టమైన జ్ఞాపకం అదే. ఉలి తగిలి వేలు తెగితే నాన్న ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కర్ర పిడికి చుట్టే తెల్లటి నూలు దారంతో కట్టు కట్టాడు. "ఇప్పుడు నువ్వూ నా కర్రవే" అన్నాడు.

"నీ ఏడుపు విని బియ్యం కడుగుతున్నదాన్ని అలాగే పరిగెత్తుకొచ్చాను" అంది నాగేంద్రమ్మ. "కంగారులో బల్ల మీదున్న కర్ర పట్టుకున్నా. 'ముందు చెయ్యి తుడుచుకో' అన్నాడు. గట్టిగా కూడా అనలా. ఎవరికో ఇవ్వాల్సిన కర్ర, పాడైపోద్దని భయం. మంచోడే మీ నాన్న. నన్ను ఏనాడూ ఒక్క మాట అన్నోడు కాదు. కానీ ఆ రోజు నిన్ను ఎత్తుకోకుండానే వెనక్కి పోయాను. ఇక ఆ గడప తొక్కబుద్ధి కాలా."

ఆ రోజు అమ్మ వచ్చిందని కూడా సాయి ప్రియకు గుర్తు లేదు. ఎంత వెతుక్కున్నా ఆ జ్ఞాపకంలో నాన్నే ఉన్నాడు, తెల్లటి దారం ఉంది, అమ్మ లేదు.

"మరి నన్నెందుకు పంపేదానివి? బడి నుంచి రాగానే ఇక్కడికే వచ్చేదాన్నిగా. గిన్నెలు తోమమనైనా ఎప్పుడూ పిలవలేదు."

"నీ చెయ్యి తడిస్తే నిన్నూ రానివ్వడుగా" అంది నాగేంద్రమ్మ చాలా మామూలుగా. "మీరిద్దరూ నవ్వుతుంటే వంటింట్లోకి వినపడేది. నాకు పిలవబుద్ధయ్యేది కాదు."

సాయి ప్రియ అరుగు మీద కూర్చుండిపోయింది. ఇన్నాళ్ళూ ఆ షెడ్డు తనకు నాన్న ఇచ్చాడనుకుంది. ఆ సాయంత్రాలన్నీ అమ్మ ఇచ్చినవి. తన చేతులు పొడిగా ఉండటానికి అమ్మ చేతులు తడుస్తూనే ఉన్నాయి. హెల్మెట్ అద్దం వెనక కన్నీళ్ళు ధారగా కారుతుంటే అప్పుడు గుర్తొచ్చి దాన్ని తీసి పక్కన పెట్టింది.

"ఏడవకే. నీకంత బాధైతే కుళాయి వద్దులే. వరండాలోనే ఏదో తంటాలు పడతాం" అని నాగేంద్రమ్మ లేచింది. "లోపల గుడ్డ ఏదైనా ఉందేమో, తెచ్చి ఆ కన్నం మూసేద్దాం." గడప దాకా వెళ్ళి ఆగింది. చీర చెంగు తీసి చేతులు తుడుచుకుంది. అరచేతులు తుడిచి, వేళ్ళ సందులు తుడిచి, మళ్ళీ అరచేతులు తుడుస్తోంది. వద్దనేవాడు లేకపోయినా ఆ చేతులకి ఇంకా భయం పోలేదు.

సాయి ప్రియ చూడలేకపోయింది. గబగబా లేచి తన రెండు చేతులూ మామిడి రసం బేసిన్‌లో ముంచింది. ఆ చేతులతోనే తల్లి చెయ్యి పట్టుకుని గడప దాటించింది.

"అయ్యో, నేలంతా అవుతుందే!"

"అవనీ. కడుక్కోవడానికి కుళాయి వస్తోందిగా."

నాగేంద్రమ్మ కొత్త ఇంటికి వచ్చినట్టు చుట్టూ చూసింది. సాయి ప్రియ స్టూలెక్కి వేలాడే కర్ర ఒకటి విప్పి తల్లికి అందించింది. ఆమె దాన్ని నిలువునా నిమిరింది. "ఇంత నున్నగా ఉంటదా!" అంది. మరుక్షణం తన వేళ్ళ తడి చెక్క మీద కనపడి, ఉలిక్కిపడి చెంగు అందుకుంది.

"ఉండనీ అమ్మా. ఇది నీది. దీనితో ఎవరూ ఆడరు."

మిగతా కర్రలు ఒక్కొక్కటే దింపి, పాత దుప్పట్లో చుట్టి, మంగమ్మ సాయంతో ఇంట్లో మంచం మీద చేర్చారు. లేతు మీది గుడ్డను సాయి ప్రియ ఒకసారి సర్ది వదిలేసింది. మైలవరం వడ్రంగి సంగతి అన్నయ్యకు తనే ఫోన్ చేసి చెప్తానంది.

రమేష్ గేటు దగ్గర నిలబడి భయంగా అడిగాడు. "మేడమ్, కుళాయి పెట్టనా, వద్దా?"

"పెట్టండి. ఎత్తు నేను చెప్తాను." గూట్లోంచి నీలం చాక్ తీసింది. "అమ్మా, ఇలా గోడకు ఆనుకుని నిలబడు. నిటారుగా. మోచెయ్యి మడువు."

నాగేంద్రమ్మ నవ్వింది. "వచ్చినోళ్ళందరికీ మీ నాన్న ఇదే మాట చెప్పేవాడు. కిటికీ అవతల నిలబడి వినేదాన్ని."

ఆ గోడ నిండా ఎవరెవరివో పాత గీతలు ఉన్నాయి. వాటి మధ్య, తల్లి మోచేతికి సరిగ్గా, సాయి ప్రియ కొత్త గీత పెట్టింది.