ఊ కొట్టని కథ

ఆదివారం పొద్దున ఏడింటికి చిట్యాలలోని ఆ ఇంట్లో మూడు పనులు ఒకేసారి జరుగుతున్నాయి. పొయ్యి మీద ఉప్మా అడుగంటుతోంది. బల్ల మీద పోచంపల్లి చీర ఇస్త్రీ కోసం ఎదురుచూస్తోంది. గ్రేస్ చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని "అట్లనే సార్, అట్లనే" అంటోంది. పిల్లల కథలు రాసేవాళ్ల ఇళ్లు ముద్దుముద్దుగా ఉంటాయని ఎవరైనా అనుకుంటే, ఒకసారి వచ్చి ఆ ఉప్మా తిని చూడాలి.

ఫోనులో ఉన్నది హైదరాబాదు నుంచి ప్రచురణకర్త కమలాకర్. పదకొండింటికి నల్గొండ ఫంక్షన్ హాల్లో బాలల పుస్తక పండుగ. గ్రేస్ నాలుగో కథల సంపుటి 'బుడ్డి – దేవుని కోడి' ఆవిష్కరణ అక్కడే.

"మేడం, పాపను తప్పకుండా తీసుకురండి. స్టేజి మీద నిలబెట్టి 'ఇదిగో అసలు బుడ్డి' అని చెప్తాం. పిల్లలకు రెండొందల కోడి టోపీలు చేయించాను. పేపర్ల వాళ్లు ఫొటోలు తీసుకుంటారు."

"వస్తది సార్, ఎందుకు రాదు?" అంది గ్రేస్.

ఎందుకు రాదో అప్పటికి ఆమెకు తెలీదు.

గ్రేస్ సర్కారు ప్రాథమిక బడిలో టీచరు. భర్త డేవిడ్ కరెంటు లైన్‌మన్, ఆ రోజు డ్యూటీలో ఉన్నాడు. ఆమె రాసే కథలన్నిటిలో బుడ్డి అనే అల్లరిపిల్ల ఉంటుంది. ఆ బుడ్డి ఎవరో కాదు, ఆమె కూతురు బ్లెస్సీయే. మొదటి మూడు పుస్తకాలూ పుట్టింది కూతురి పక్కలోనే. ఊ కొట్టనివాళ్లకు కథ లేదని అత్తగారు బిక్షమ్మ పెట్టిన నియమం ఒకటుంది ఆ ఇంట్లో. గ్రేస్ కథ చెప్పేది, బ్లెస్సీ ఊ కొట్టేది. ఊ గట్టిగా వచ్చిన చోట కథ బాగున్నట్టు. ఊ సాగిందంటే ఆ ముక్క తీసెయ్యాల్సిందే. ఏ సంపాదకుడూ అంత నిక్కచ్చిగా చెప్పలేదు.

నాలుగో పుస్తకం మాత్రం అట్లా పుట్టలేదు. మొన్న ఖమ్మంలో సన్మానం, నిన్న వరంగల్‌లో సభ, ఎల్లుండి ఇంకెక్కడో బాలోత్సవం. రెండేళ్లుగా సెలవు దొరికితే చాలు, గ్రేస్ బస్సులో ఉండేది. ఈ పుస్తకాన్ని కిటికీ పక్క సీట్లలో కూర్చుని ఫోనులో రాసేసింది. దానికి ఎవరూ ఊ కొట్టలేదు.

"బ్లెస్సీ! తానం చేసినవా? జల్దీ చెయ్, తొమ్మిదింటి బస్సుకు పోదాం."

లోపలి గదిలోకి వెళ్లి చూస్తే బ్లెస్సీ రాత్రి బట్టలతోనే మంచం మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. పన్నెండేళ్ల పిల్ల. ఏడో తరగతి.

"నేను రాను."

"రాకుంటెట్ల? నువ్వే కదనే అసలు బుడ్డివి! ఫొటోలు గూడ తీస్తరంట."

"రానంటే రాను!" అంది బ్లెస్సీ. బడిసంచిలోంచి పుస్తకం తీసి తల్లి ఒళ్లోకి విసిరింది. బడి గ్రంథాలయానికి గ్రేస్ మురిసిపోతూ ముందుగా పంపిన ఇరవై ప్రతుల్లో అదొకటి. అట్ట మీదున్న బుడ్డి బొమ్మ తలకు ఎవరో పెన్నుతో కోడి జుట్టూ కోడి ముక్కూ గీశారు. కింద పెద్ద అక్షరాలతో 'కోడి దొంగ బ్లెస్సీ' అని రాశారు.

గ్రేస్ ఆ అక్షరాలను వేలితో రుద్దింది, పెన్ను చెరగలేదు.

"వారం సంది క్లాసుల నేను లేస్తే చాలు, అందరు కొక్కొక్కో అంటున్రు. ఎవ్వలకు చెప్పనని గాడ్ ప్రామిస్ చేసినవ్ గదా మమ్మీ?"

"పేరు మార్చిన గదా బిడ్డా..."

"పేరు మార్చినవ్. ఎర్ర రిబ్బను మార్చినవా? ఇంతకుముందు నేను ఊ కొడితేనే కథ రాస్తుంటివి. దీన్ని నాకు ఒక్కసారన్న చెప్పినవా?" బ్లెస్సీ దుప్పటి మీదికి లాక్కుంది. "అవ్వకు తెలిస్తే నేనెట్ల?"

విషయం ఐదేళ్ల కిందటిది. చర్చిలో కోత పండుగ. పండించినదీ పెంచినదీ దేవునికి తెచ్చి ఇస్తారు, వాటిని వేలం పాడతారు. ఆ ఏడు బిక్షమ్మ తన తెల్లకోడి కాలికి ఎర్ర రిబ్బను కట్టి గంపలో పెట్టి ఇచ్చింది. ఆ కోడేమో ఏడేళ్ల బ్లెస్సీకి ప్రాణం. అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుండగా బ్లెస్సీ దాన్ని గౌను కింద దాచుకుని పారిపోయింది. తీరా వేలంలో చూస్తే గంప ఖాళీ. గంప పక్కన కూర్చున్నది ఇంటి పక్కావిడ జానమ్మ. పైగా ఆ సాయంత్రం అల్లుడొచ్చాడని జానమ్మ ఇంట్లో కోడికూర వండారు. ఇంకేం కావాలి! దేవుని కోడిని కోసుకు తిన్నావని మర్నాడు బిక్షమ్మ నడిబజార్లో దుమ్మెత్తిపోసింది. ఆనాటి నుంచి రెండిళ్ల మధ్య మాటల్లేవు.

ఆ పండుగ రాత్రే బ్లెస్సీ దుప్పట్లో వణుకుతూ తల్లికి మాత్రం నిజం చెప్పుకుంది. గ్రేస్ దాచింది. ఐదేళ్లు దాచి, చివరికి వెయ్యి ప్రతులు అచ్చు వేయించింది.

సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది.

"బిక్షమ్మక్కా, ఇంట్లున్నవా?"

వాకిట్లో కందులు చెరుగుతున్న బిక్షమ్మ చేతిలో చాట ఆగిపోయింది. గేటు దగ్గర జానమ్మ, కొంగు చాటున పుస్తకంతో నిలబడి ఉంది. లోపల బ్లెస్సీ గబుక్కున బీరువా వెనక్కి దూరింది.

"ఏం పని వడ్డది నా ఇంట్ల?" అంది బిక్షమ్మ, తలెత్తకుండా.

"పనుండే వచ్చిన. నీ కోడలు రాసిన పుస్తకం నిన్న మా మనవరాలు బడికెల్లి తెచ్చి సదివి ఇనిపిచ్చింది. నువ్వు ఇన్నవా?"

"నాకేం సదువొచ్చు? నా కోడలు పుస్తకాలు రాస్తదని ఊరంత చెప్పుకుంట. లోపల ఏం రాసిందో నాకేమెరుక?"

"అయితే ఇయ్యాల ఇను. నేను గీడనే కూసుంట." జానమ్మ అడిగించుకోకుండానే అరుగు మీద కూర్చుంది.

బిక్షమ్మకు ఏదో తేడాగా అనిపించింది. "గ్రేసూ! జర గా పుస్తకం తెచ్చి సదువు."

గ్రేస్ ఎన్ని స్టేజీల మీద చదివిందో లెక్కలేదు. మంత్రుల ముందు, కలెక్టర్ల ముందు చదివింది, ఏనాడూ తడబడలేదు. ఇవాళ సొంత వాకిట్లో ఇద్దరు ముసలమ్మల ముందు మొదటి పేజీ తిప్పడానికి వేళ్లు రావడం లేదు. అయినా అలవాటైన సభా గొంతుతోనే మొదలుపెట్టింది.

"'అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. బుడ్డి ఒక్కతే కళ్లు తెరిచింది. గంపలో తెల్లకోడి బుడ్డిని చూసింది. దాని కాలికి ఎర్ర రిబ్బను...'"

బిక్షమ్మ చాట కింద పెట్టింది.

అచ్చు కాకముందే ఈ కథను సభల్లో చెప్పినప్పుడు, ఇక్కడికొచ్చేసరికి పిల్లలు పకపకా నవ్వేవాళ్లు. ఇక్కడ ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఊ కొట్టలేదు. బుడ్డి కోడిని గౌనులో దాచుకుని పరుగెత్తే దగ్గరికి వచ్చేసరికి గ్రేస్ సభా గొంతు వదిలేసింది. మిగతా రెండు పేజీలూ గుసగుసగా చదివి పుస్తకం మూసింది.

"నీకు ఎప్పటిసంది ఎరుక?" అంది బిక్షమ్మ.

"ఆ రాత్రే చెప్పింది, అత్తమ్మా."

"ఐదేండ్లు!" బిక్షమ్మ లేచింది. "పసిది బయానికి, బుగులుకు దాసింది. దానికి ఏడేండ్లు. నీకెన్నేండ్లే? నేను జానమ్మను బజార్ల నిలవెట్టి తిడుతుంటే నువ్వు ఆడనే ఉన్నవ్ గదా, నీళ్ల బిందె పట్టుకొని! ఒక్క మాట చెప్పలేకపోయినవా?"

"బిడ్డకు మాటిచ్చిన అత్తమ్మా..." అని గ్రేస్ అనబోయి తనే ఆగిపోయింది. ఇచ్చిన మాట ఏమైందో చేతిలోని పుస్తకమే చెబుతోంది.

"గోడ అవతలికి చెప్పాల్సిన మాట చెప్పకపోతివి. దేశమంత తిరిగి చెప్పొస్తివి!"

ఆ మాట గ్రేస్ గుండెలో దిగబడింది. నిజమే కదా! జానమ్మ పరువు పోతుంటే ఒట్టు గుర్తుంది. తన పేరు పేపర్లో పడేటప్పుడు ఒట్టు గుర్తులేదు. గ్రేస్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది. కళ్లనీళ్లు పుస్తకం మీద పడుతున్నా తుడుచుకోలేదు.

బిక్షమ్మ మోకాళ్లు పట్టుకుంటూ అరుగు దగ్గరికి నడిచి జానమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"నా నోట్ల మన్నువడ. ఎన్ని మాటలంటి నిన్ను! తప్పయింది చెల్లె."

"నాకు కోడి బాధ లేదక్కా," అంది జానమ్మ ఏడుస్తూ. "కోత పండుగకు నీ పక్కన కూసోక ఐదేండ్లాయె. గదే బాధ."

ఇద్దరూ కాసేపు ముక్కులు చీదుకున్నారు. తర్వాత బిక్షమ్మ లోపలికి కేక వేసింది. "బీరువ ఎన్క ఉన్న దొంగా, బయటికి రా!"

బ్లెస్సీ దెబ్బకు సిద్ధపడి, భుజాలు ముడుచుకుని వచ్చింది.

"నా కోడేడ వోయిందే?"

"మా బడి వంటక్కకు ఇచ్చిన అవ్వా. పొదిగి పదకొండు పిల్లల్ని చేసింది."

"చెయ్యదా మరి, నా కోడాయె!" అని బిక్షమ్మ పిల్లను దగ్గరికి లాక్కుంది. "దేవుడేం పస్తులుండలే తియ్ బిడ్డా. పస్తులున్నది మేమిద్దరం." బ్లెస్సీ అవ్వ కడుపులో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఐదేళ్ల భయం కదా, అది తీరడానికి కొంత సేపు పట్టింది.

గ్రేస్ కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "తప్పు నాది బిడ్డా. గా ముచ్చట నీది. నిన్ను అడగకుండ తీసుకున్న."

"ఇప్పుడంటే ఏం లాభం? అందరు సదివిన్రు," అంది బ్లెస్సీ తల తిప్పుకుని.

మళ్లీ ఫోను మోగింది. గ్రేస్ అక్కడే, అందరి ముందే మాట్లాడింది.

"పాప రాదు సార్. కోడి కథ నేను చదవను. ఇంకోసారి అచ్చేస్తే అందుల గా కథ ఉండొద్దు."

"అయ్యో మేడం! పుస్తకం పేరే అది కదా! రెండొందల టోపీలు చేయించాను!"

"టోపీలకేమైంది సార్, పిల్లలు పెట్టుకుంటరు. పేరు మారుద్దాం."

బ్లెస్సీ ఓరకంట తల్లిని చూసింది. గ్రేస్ సగం ఇస్త్రీ అయిన చీర కట్టుకుని, ఒక్కతే తొమ్మిదింటి బస్సెక్కింది.

ఫంక్షన్ హాలు కిక్కిరిసి ఉంది. ఎర్రజుట్టు టోపీలు పెట్టుకున్న రెండు వందల మంది పిల్లలు ఒకరి తల మీది జుట్టు ఒకరు పీక్కుంటున్నారు. కమలాకర్ మొహం మాడిన ఉప్మాలా ఉంది. పెద్దల ప్రసంగాలు అయ్యాక గ్రేస్ మైకు ముందుకు వచ్చింది. చేతిలో పుస్తకం లేదు. ఎప్పుడూ మాట్లాడే సభా భాష కూడా రాలేదు.

"అనగనగ ఒక ఊర్ల కథలు చెప్పే అమ్మ ఉండె. మా ఇంట్ల ఊ కొట్టనోళ్లకు కథ లేదు. మీరు కొడతరా?"

"ఊఁ!" అని హాలు దద్దరిల్లింది.

"గా అమ్మ సంచినిండ కథలేసుకొని ఊరూరు తిరుగుతుండె. చప్పట్లు కొడితే మస్తు ఖుషీ. ఒకనాడు సంచిల కథలయిపోయినయి."

"ఊఁ!"

"ఇంట్ల బిడ్డ ఒక చిన్న మూట తెచ్చి, అమ్మా దీన్ని దాచిపెట్టు, ఎవ్వలకు చూపియ్యకు అన్నది. అమ్మ సరేనన్నది..."

గ్రేస్ ఆగింది. చివరి వరుసలో, తలుపు పక్కన ఇద్దరు ముసలమ్మలు ఒకరి భుజానికి ఒకరు ఆనుకుని కూర్చున్నారు. ఆటోలో పడి వచ్చినట్టున్నారు, ఇద్దరి జుట్టూ చెదిరి ఉంది. జానమ్మ నెత్తిన కోడి టోపీ. వాళ్ల మధ్య జడ కూడా వేసుకోని బ్లెస్సీ.

గ్రేస్ మైకును రెండు చేతులతో పట్టుకుంది.

"ఇంక ముందటికి చెప్పాలంటే, మూట ఎవరిదో వాళ్లు ఒప్పుకోవాలె. వాళ్లు ఊ కొడితేనే చెప్త. లేకుంటే కథ గీడికే అయిపోయింది."

పిల్లలు వెనక్కి తిరిగి చూశారు, ఎవరి కోసం చూస్తున్నారో వాళ్లకు తెలీదు. కమలాకర్ గడియారం చూసుకున్నాడు. బిక్షమ్మ మనవరాలి వైపు చూడలేదు, మోచేత్తో పొడవలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గ్రేస్ ఎదురుచూసింది. ఈసారి ఎంతసేపైనా ఎదురుచూడాలని నిశ్చయించుకుంది.

"ఊ."

చివరి వరుసలోంచి వచ్చింది. గట్టిగా లేదు, సాగదీసీ లేదు. తర్వాత ఏమైందో వినాలనుకునే పిల్ల కొట్టే ఊ అది. రెండేళ్లుగా వినకపోయినా గ్రేస్ చప్పున గుర్తుపట్టింది. చీర కొంగుతో కళ్లు తుడుచుకుని, అమ్మ చేసిన తప్పు దగ్గర నుంచి కథ అందుకుంది.