యోర్దాన అవ్వ తలుపు మీది కాగితం

ప్లోవ్‌దివ్ నగరపు పాతపేటలో యోర్దాన అవ్వ ఇంటి ముందు నుంచి చీకటి పడ్డాక ఎవరూ నడవరు. నడిచినా తల తిప్పరు. పోయిన చలికాలంలో ఆవిడ ఒంటరిగా చనిపోయింది. అప్పట్నుంచి అక్కడ తలుపు తట్టిన చప్పుడు వినిపిస్తుందని చెప్పుకుంటారు... నెమ్మదిగా, మూడుసార్లు.

శిథిలమైపోతున్న ఆ పేటను బాగుచెయ్యాలని మునిసిపాలిటీ, జనం ఒక్కటయ్యారు. సున్నం, కలప వాళ్లవి. చెమట వీళ్లది. అవ్వ ఇంటిని పేటంతటికీ ఉమ్మడి ఇల్లు చెయ్యాలనుకున్నారు. ఆ పని తాపీమేస్త్రీ కోస్తాదిన్ నెత్తికెత్తుకున్నాడు. మాట ఇస్తే తప్పే మనిషి కాడు.

కానీ తలుపు తెరుచుకోదే!

అప్పట్లో శవాన్ని కూడా వెనక కిటికీలోంచే దించారు. లోపలి గడియ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. కిటికీలోంచి దూరి సుత్తితో కొట్టినా కదల్లేదు. నూరేళ్లనాటి చెక్కడాల తలుపు, పగలగొట్టడానికి పేట జనం ఒప్పుకోలేదు. శనివారం పొద్దున్నకి తెరుచుకోకపోతే ఇల్లు కూల్చేస్తామని అధికారులు తేల్చి చెప్పారు.

బుధవారంనాడు రంగు వెయ్యడానికని కోస్తాదిన్ తలుపు మీది చావు కాగితం గీకేశాడు. అవ్వ ఫొటో, పేరు, పోయిన తేదీ ఉన్న కాగితం; ఎవరు పోయినా అక్కడ తలుపుకి అలా అతికిస్తారు.

"ఏడాది తిరగందే దాన్ని తియ్యకూడదురా," అంది పక్కింటి జ్లాత అవ్వ.

"శుభ్రం చెయ్యమన్నారవ్వా. పోయినావిడ ఇప్పుడొచ్చి చూసుకుంటుందా?"

గురువారం తెల్లారేసరికి... కాగితం మళ్లీ తలుపు మీద ఉంది. జిగురు ఇంకా ఆరలేదు.

గీకాడు. శుక్రవారం మళ్లీ ఉంది! మళ్లీ గీకాడు.

"తలుపు కూడా నీ మాట వినట్లేదే మేస్త్రీ! ఇంట్లో నీ పెళ్లాం నెవెన ఎలాగూ వినదు," అన్నాడు రొట్టెల మిత్కో. నవ్వబోయి, ఎందుకో మధ్యలోనే ఆగిపోయాడు.

శుక్రవారం రాత్రి. అదే ఆఖరి రాత్రి. కోస్తాదిన్ ఎదురింటి గోడ చాటున కాచుకున్నాడు. గాలి లేదు. కుక్క అరుపు కూడా లేదు...

మలుపులో తెల్లటి ఆకారం కనిపించింది. వచ్చి తలుపు ముందు ఆగింది. తలుపు చెక్కను చేత్తో నిమిరింది — సర్‌ర్... సర్‌ర్...

కోస్తాదిన్ గోడ చాటు నుంచి బయటికొచ్చాడు. ఒక్క ఉరుకున వెళ్లి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

వెచ్చగా ఉంది.

"నెవెనా?... నువ్వా?"

తెల్ల శాలువలో అతని భార్య. చేతిలో పిండి జిగురు గిన్నె.

"అరవకు," అంది నెవెన గుసగుసగా. "మొన్న జ్లాత అవ్వ తన దగ్గర మిగిలిన కాగితాల్లో ఒకటి అతికించింది. నిన్న మిత్కో. ఇవాళ నేను."

"ఎందుకు?"

"ఆ చలిలో యోర్దాన అవ్వ కట్టెల కోసం అందరి తలుపులూ తట్టింది, ఎవరూ తియ్యలేదు. మన తలుపు తట్టినప్పుడు నువ్వు రేడియో గట్టిగా పెట్టావు. నేను... ఊరుకున్నాను."

కోస్తాదిన్ పట్టుకున్న చెయ్యి వదిలాడు. బతికుండగా ఆ మనిషికి తన తలుపు తియ్యలేదు. చచ్చాక ఆవిడ తలుపు తీస్తానని పదిమందిలో మాటిచ్చాడు!

"ఇలా తే," అన్నాడు చివరికి. "వంకరగా పెట్టావు."

కాగితాన్ని తన చేత్తో సరిగ్గా అతికించాడు. నాలుగంచులూ నొక్కాడు. తలుపుకి నుదురు ఆనించి, "తప్పయిపోయిందవ్వా," అన్నాడు.

ఇద్దరూ వెనక్కి తిరిగారు. రెండడుగులు వేశారో లేదో —

లోపల... గడియ జారిన చప్పుడు.